పసుపు చుక్కలు

పాత అట్టపెట్టె ఒకటి చింపి, దాని లోపలి వైపు ఫిట్టరు రాసిన జాబితాలో పద్దెనిమిది వస్తువులున్నాయి. పరాయి దేశంలో సొంతంగా టైర్ల షాపు పెట్టడమంటే మాటలా? టైరును రిమ్ము నుంచి ఊడదీసే మిషను. చక్రం వణక్కుండా సరిచేసే బ్యాలెన్సింగ్ మిషను. కంప్రెసరు, దానికి షాపు ఈ మూల నుంచి ఆ మూలకి అందేంత గొట్టం. జాకీలు రెండు, జాకీ జారితే బండిని మోసే ఇనుప స్టాండ్లు నాలుగు. గాలి కొలిచే మీటరు, వాల్వులు, చక్రం బరువు సరిచేయడానికి అతికించే సీసం తునకలు, పంక్చరు సామాను, నిప్పు ఆర్పే సిలిండరు. అన్నిటికంటే పై వరసలో, అడుగున రెండు గీతలు గీసి మరీ, పెద్ద అక్షరాలతో రాసింది మాత్రం ఇది: క్లిక్ పానాలు, రెండు.

"దీంట్లో ఒక్కటి తగ్గినా షట్టరు ఎత్తను," అని ఆ అట్టముక్క బావమరిది చేతిలో పెట్టాడు.

బావమరిది అంటే ఫిట్టరు భార్యకు స్వయానా తమ్ముడు. ఆ దేశంలో షాపు లైసెన్సు తెచ్చుకోవడానికి కావలసిన కాగితాలూ, కస్టమర్లతో మాట్లాడే నేర్పూ అతనికున్నాయి. టైరు పనిలో ఆరితేరిన చేతులు ఫిట్టరుకున్నాయి. ఒకరికి నోరుంది, ఒకరికి చెయ్యి ఉంది, కలిస్తే వ్యాపారం అని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఫిట్టరుకు కూడా బోలెడంత నోరుందన్న సంగతి ఆ సమయంలో ఎవరికీ గుర్తు రాలేదు.

కొనడాలన్నీ బావమరిది వంతు. పది రోజులు తిరిగి, ఒక లారీ నిండా సామాను దింపాడు. దాంతోపాటు జాబితాలో లేనివి కూడా దిగాయి. ఎర్ర రెగ్జిను సోఫా ఒకటి, నీళ్ళ సీసాలకు అద్దాల ఫ్రిజ్జు ఒకటి, రంగులు మార్చుకుంటూ వెలిగే బోర్డు ఒకటి. ఫిట్టరు అట్టముక్క పట్టుకుని ఒక్కొక్కటే సరిచూసుకుంటూ వచ్చి, పై వరస దగ్గర ఆగిపోయాడు.

"రెండో పానా ఏదిరా?"

"ఒకటి చాల్దా బావా? నువ్వు బిగించేటప్పుడు నేనాగుతా, నేను బిగించేటప్పుడు నువ్వాగు. అన్నదమ్ముల్లా వాడుకుందాం."

"మరి సోఫా?"

"సోఫా లేకపోతే కస్టమరు ఎక్కడ కూర్చుంటాడు?"

"నీ నెత్తిన కూర్చుంటాడు!"

ఈ పానా సంగతి కాస్త చెప్పాలి. మామూలు పానాతో నట్టు బిగిస్తే ఎంత బిగిసిందో చేతికి తెలిసినంతే. చెయ్యి ఒకరోజు బలంగా ఉంటుంది, ఒకరోజు ఉండదు. క్లిక్ పానా అలా కాదు. ఏ బండికి ఎంత బిగువు కావాలో దాని పిడి మీద అంకె తిప్పి పెట్టుకుంటే, సరిగ్గా అక్కడికి రాగానే టక్కుమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినపడితే నట్టు బిగిసినట్టు, లేకపోతే లేనట్టు. గాలి గన్నుతో నట్లు విప్పొచ్చు కానీ బిగించకూడదనేది ఫిట్టరు పట్టుదల. ముందు వేళ్ళతో ఎక్కించాలి, చిన్న పానాతో ఆనించాలి, చక్రం నేలకు దిగాక క్లిక్ పానా వెయ్యాలి. ఆపైన నట్టు నెత్తిన రంగు పెన్నుతో ఒక చుక్క పెట్టాలి. ఫిట్టరుది పసుపు రంగు, బావమరిదిది తెలుపు.

"ఎవరి పాపం ఎవరిదో నట్టే చెప్పాలి," అన్నాడు ఫిట్టరు ఆ పెన్నులు పంచుతూ. ఆ మాట వెనక పన్నెండేళ్ళ కథ ఉంది. ఆ కథ అతని నోట వినని తెలుగువాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు.

పన్నెండేళ్ళూ అతను ఒకే పెద్ద షాపులో పని చేశాడు. అక్కడ అయిదుగురు ఫిట్టర్లు. కిందటేడు ఒక కారుకు నాలుగు టైర్లూ మార్చి పంపిస్తే, ఆ సాయంత్రమే దాని వెనక చక్రం ఊడి రోడ్డు మీద సొంతంగా పరిగెత్తింది. కారు వెళ్ళి గోడను గుద్దింది. నడుపుతున్న పెద్దాయన కాలు విరిగింది. మర్నాడు ఓనరు అయిదుగురినీ వరసగా నిలబెట్టి ఆ చక్రం ఎవరు బిగించారని అడిగితే, నేను కాదంటే నేను కాదన్నారు. నలుగురు ఆ దేశం వాళ్ళు, ఒకడు బయటివాడు. వేలు ఎటు తిరుగుతుందో వేరే చెప్పాలా? మధ్యాహ్నానికల్లా ఫిట్టరు రోడ్డు మీదున్నాడు.

అతను ఊరుకునే రకమైతే కథ అక్కడితో అయిపోయేది. నిప్పు తొక్కిన కోతిలా అందరి గుమ్మాలూ తొక్కాడు. ఆ పెద్దాయన ఇంటికి కూడా వెళ్ళి, తలుపు కొట్టి, "నేను కాదండీ, నా చేతి నట్టు ఊడదు" అని గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పొచ్చాడు. ఆయన చేతికర్ర మీద ఆనుకుని అంతా విని తలుపేసుకున్నాడు. దాంతో ఫిట్టరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటి నుంచి ఎవరు దొరికితే వాళ్ళకు మొదటి నుంచీ మొదలెడతాడు.

"ఆ రోజు పొద్దున్నించీ నాకూ స్టోరు వాడికీ గొడవే. జాకీలో ఆయిలు అయిపోయింది, పొయ్యరా నాయనా అంటే పొయ్యడు. ఆ కారు పని జరుగుతున్నంతసేపూ వాడి మీద అరుస్తూనే ఉన్నాను. పనంటే అంత పట్టింపు నాది! అలాంటోణ్ణి నేనా నట్టు వదిలేసేది?"

వినేవాళ్ళు అయ్యో అనేవారు. అతని భార్య మాత్రం అనేది కాదు. బట్టలు కుట్టే కార్ఖానాలో రోజంతా నిలబడి గుడ్డ కత్తిరించి వచ్చే మనిషి ఆమె, అయ్యోలకు ఓపిక ఉండేది కాదు. "బండి టైరుకి ముప్పై రెండు పాయింట్ల గాలి చాలు. మా ఆయనకి ఎంత పడుతుందో కొలిచే మీటరు ఇంకా రాలేదు," అనేది. తమ్ముణ్ణి మొగుడు తిట్టినప్పుడల్లా, "అత్త మీద కోపం దుత్త మీద చూపించకు. నీ కోపం ఆ షాపు మీద, మా వాడి మీద కాదు," అని కూడా అనేది. ఫిట్టరు ఆ మాట చెవిన వేసుకోలేదు. బావమరిది కాకపోతే అక్కడ దొరికే దుత్త ఇంకెవరున్నారు మరి.

ఎత్తనన్న షట్టరు చివరికి ఒక్క పానాతోనే ఎత్తాల్సి వచ్చింది. అలా షాపు తెరిచిన పదకొండో రోజు పొద్దున పదింటికి స్కూలు వ్యాను వచ్చింది. నడిపేది నడివయసు ఆడమనిషి. గట్టి మనిషి, మాట కూడా గట్టిదే. నాలుగు టైర్లూ మార్చాలంది. ఆ స్కూలుకు ఇలాంటివి ఇంకా అయిదు బళ్ళున్నాయని, ఇది బాగుంటే అవీ వస్తాయని చెప్పింది. బావమరిది మొహం ఆ రంగుల బోర్డులా వెలిగింది. ఆమెను సోఫాలో కూర్చోబెట్టి, నీళ్ళ సీసా ఇచ్చి, ఫోను నంబరు రాసుకున్నాడు.

"నంబరు తీసుకుంటే తీసుకోండి కానీ, బండి నడిపేటప్పుడు నేను ఫోనెత్తను. సంచిలో పడేస్తాను, చప్పుడు కూడా పెట్టను. బండిలో పిల్లలుంటారు," అంది ఆమె.

"అలాగే ఉండాలమ్మా," అన్నాడు ఫిట్టరు. ఎవరినైనా అతను మెచ్చుకోవడం ఆ వారంలో అదే మొదటిసారి.

బండిని లేపి, పాత టైర్లు ఊడదీసి, కొత్తవి ఎక్కించి, గాలి పెట్టి, బ్యాలెన్సింగ్ చేసి, చక్రాలు బిగించడానికి ఇద్దరూ చెరోవైపు కూర్చున్నారు. ఎడమవైపు రెండూ ఫిట్టరువి, కుడివైపు రెండూ బావమరిదివి. బండి నేలకు దిగింది. పానా ముందు ఫిట్టరు చేతిలోనే ఉంది. ముందు చక్రానికి అయిదు నట్లూ టక్ టక్‌మని బిగించి, అయిదు పసుపు చుక్కలు పెట్టాడు. వెనక చక్రం దగ్గరికి జరిగి మొదటి నట్టు బిగించాడో లేదో, అవతలి నుంచి కేక వచ్చింది.

"బావా, పానా ఓసారి ఇటు విసురు. ఆవిడకి టైమైపోతోందంట."

విసురు! అంత నాజూకు పనిముట్టును, నేల మీద పడితే లెక్క తప్పిపోయే దాన్ని, క్రికెట్ బంతిలా విసరమంటున్నాడు. ఫిట్టరు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. లేచి, బండి చుట్టూ తిరిగి వెళ్ళి, పానాను బావమరిది అరచేతిలో పెట్టి, ఆ చేతిని అలాగే పట్టుకుని మొదలెట్టాడు.

"రెండు రాశానురా! గీత కూడా గీశాను. రెండంటే ఎన్నిరా? ఒకటి తెచ్చి, దాని పక్కన సోఫా వేసి, విసురు బావా అంటావా? ఈ షాపులో ముందు మార్చాల్సింది టైర్లు కాదు, నీ బుర్ర!"

"బావా, ఆవిడ వింటోంది."

"విననీ! మన భాష ఆవిడకేం అర్థమవుద్ది? అర్థమైతే ఇంకా మంచిది!"

తిట్టుకుంటూనే వెనక్కి వచ్చాడు, తిట్టుకుంటూనే కూర్చున్నాడు. సోఫాను తిట్టాడు, ఫ్రిజ్జును తిట్టాడు, బోర్డును రంగు రంగుకూ విడివిడిగా తిట్టాడు. పెన్ను తీసి, చుక్కలు పెట్టి, తిడుతూనే లేచాడు. పదకొండున్నరకు వ్యాను వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆమె చెయ్యి ఊపింది, బావమరిది రెండు చేతులూ ఊపాడు.

మధ్యాహ్నం రెండు దాటాక ఇంకో కారు జాకీ మీదుంది. ఓనరు సాయంత్రం వస్తానని వదిలి వెళ్ళాడు. ఫిట్టరు చేతులు కడుక్కుని వచ్చి చూస్తే, గాల్లో ఉన్న చక్రానికి అయిదు నట్లకూ అయిదు తెల్లచుక్కలు తళతళలాడుతున్నాయి. చక్రం ఇంకా నేలకే దిగలేదు. వంగి ఒక నట్టును రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పాడు. తిరిగింది.

"ఇదేంట్రా?"

"ఏది బావా? ఆ చుక్కలా? ముందే పెట్టేసుకున్నా. తర్వాత బిగించుకుంటూ పోవడమే. టైం కలిసొస్తుంది కదా."

ఫిట్టరుకు నోట మాట రాలేదు. అలా జరగడం చాలా అరుదు. బావమరిది దాన్ని మెచ్చుకోలు అనుకుని ఇంకో మాట కలిపాడు.

"పొద్దున వ్యానుకి కూడా అలాగే చేశాలే."

"ఏమన్నావ్?"

"అదే... చుక్కలు ముందు పెట్టా. తర్వాత బిగించాను బావా."

"అన్నీ బిగించావా?"

"అన్నీ."

"పదీ?"

"పదీ... అనుకుంటా."

ఆ 'అనుకుంటా' ఫిట్టరు నెత్తిన పిడుగులా పడింది. అనుకుంటా! చక్రం నిలిచేది అయిదు నట్ల మీద. వాటి మీద కూర్చుని పోయేది ఎవరి పిల్లలో, వాళ్ళను పొద్దున తలదువ్వి పంపించింది ఎవరో. వీడేమో అనుకుంటున్నాడు! చేతిలో ఉన్న గుడ్డను నేలకేసి కొట్టాడు. ఫోను తీసి వ్యాను ఆమె నంబరు కొట్టాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ కొట్టాడు. సంచిలో పడేస్తాను, చప్పుడు కూడా పెట్టను అన్న మాట గుర్తొచ్చింది.

"స్కూలెన్నింటికి వదుల్తారు?"

"మూడింటికి," అన్నాడు బావమరిది. మొహంలో రంగు దిగిపోయింది. "బావా, ఆ స్కూలు దాటితే పెద్ద దిగుడు, ఆ తర్వాత వంతెన."

"కారు తియ్యి!"

బావమరిది నడిపాడు. ఫిట్టరు పక్క సీట్లో కూర్చుని, క్లిక్ పానాను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎంత చిన్న ఊరైనా తొందరలో ఉన్నవాడికి ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఉంటుంది. మొదటి సిగ్నలు దగ్గర ఫిట్టరు బావమరిది బుద్ధిని తిట్టాడు. రెండో దాని దగ్గర వాడి చదువును తిట్టాడు. మూడో దాని దగ్గర, ఇలాంటివాణ్ణి నమ్మి కాగితాల కోసం కలుపుకున్న తనను తిట్టుకున్నాడు. ఆ తిట్టు మాత్రం త్వరగానే అయిపోయింది.

"ఆ షాపులో నన్ను నిలబెట్టారురా! చెయ్యని తప్పుకి తలొంచుకుని బయటికొచ్చాను. ఎవడో నీలాంటోడు, అనుకుంటా అనుకుంటా అని నట్టు వదిలేసినోడు, నోరు మూసుకుని నిలబడ్డాడు. వాడి కూడు వాడు తిన్నాడు, నా కూడు నేను పోగొట్టుకున్నాను. ఇప్పుడు వాడే నీ రూపంలో నా ఇంట్లో పడ్డాడు!"

బావమరిది స్టీరింగు గట్టిగా పట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

"బావా, నాక్కూడా భయమేస్తోంది. ఆ మిగతావి తర్వాత తిట్టు. ముందు దారి చూడనీ."

ఫిట్టరు నోరు మూశాడు. ఎదురుగా వచ్చే ప్రతి వ్యాను వెనక చక్రాన్నీ చూస్తున్నాడు. ఒకచోట రోడ్డు పక్కన ఏదో బండి ఆగి, నలుగురు మనుషులు మూగి ఉంటే పానా పట్టుకుని సీట్లోంచి సగం లేచాడు. దగ్గరికి వెళితే ఎవరో సామాను దింపుకుంటున్నారు.

స్కూలు గేటు ముందు ఆరు వ్యాన్లు వరసగా నిలబడి ఉన్నాయి. మొదటిదే కొత్త టైర్ల బండి. పిల్లలందరూ ఎక్కేశారు, ఇంజను మోగుతోంది, తలుపు మూసుకుంటోంది. ఫిట్టరు కారు ఆగీ ఆగకముందే దూకి, పరిగెత్తుకెళ్ళి, వ్యాను ముందు చేతులు చాపి నిలబడ్డాడు. ఒక చేతిలో పానా. డ్రైవరమ్మ హారను కొట్టింది. అతను కదల్లేదు. ఆమె ఇంజను ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏమిటిది? పక్కకు తప్పుకోండి!"

"చక్రాలు చూడాలమ్మా. రెండు నిమిషాలు. దయచేసి బండి కదపొద్దు," అన్నాడు ఆమె భాషలో, రొప్పుతూ.

నేరుగా కుడివైపు వెళ్ళాడు. ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మొదటి తెల్లచుక్క మీద పానా పెట్టి లాగాడు. టక్. నట్టు వెంట్రుక వాసి కూడా కదల్లేదు. రెండోది టక్. మూడోది టక్. అయిదూ అయ్యాయి. వెనక చక్రం. టక్, టక్, టక్, టక్, టక్. పదికి పదీ రాయిలా బిగిసి ఉన్నాయి.

ఊపిరి పీల్చుకోవాల్సిన చోట ఫిట్టరుకు ఏదోలా అనిపించింది. సిగ్గు విడిచి చెప్పాలంటే నిరాశే అనిపించింది. దారి పొడుగునా పోగేసుకొచ్చిన తిట్లన్నీ చేతిలో ఉన్నాయి, వెయ్యడానికి చోటు లేదు. లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"బతికిపోయావ్, పద," అన్నాడు.

బావమరిది కదల్లేదు. "ఎడమవైపు కూడా చూడు బావా."

"అటు బిగించింది నేను."

"ఇంత దూరం వచ్చాం కదా. చూడు."

"నేను బిగించానన్నానా లేదా? నా చేతి నట్టుని నువ్వు అనుమానిస్తావా?" అంటూ, వాడి నోరు మూయించడానికే ఎడమవైపు వెళ్ళాడు. ముందు చక్రం మీద అయిదు టక్కులు గట్టిగా వినిపించాడు. ప్రతి టక్కుకూ తలతిప్పి బావమరిది మొహం చూశాడు. వెనక చక్రం దగ్గరికి జరిగాడు. మొదటి నట్టు టక్.

రెండో నట్టు మీద పానా పెట్టి లాగితే, పానా చప్పుడు లేకుండా తిరిగింది. పావు చుట్టు, అర చుట్టు. అతను పానా తీసేసి మూడో నట్టును వేళ్ళతో పట్టుకున్నాడు. వేళ్ళతోనే తిరిగింది. నాలుగోదీ తిరిగింది. అయిదోది సగం బయటికి వచ్చి, గుండ్రటి పసుపు చుక్కను నెత్తిన పెట్టుకుని, నిక్షేపంగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. పానా బావమరిది చేతిలో పెట్టి వచ్చాడు. తిట్టుకుంటూ వచ్చాడు. మళ్ళీ పానా తన చేతికి రాలేదు. పెన్ను మాత్రం వచ్చింది.

డ్రైవరమ్మ దిగి వచ్చి అతని వెనకే నిలబడి ఉంది. వదులుగా ఊగుతున్న నట్టును ఆమె కూడా చూసింది.

"మధ్యాహ్నం పన్నెండింటికి ఇదే బండిలో పద్నాలుగు మంది చిన్నపిల్లల్ని వంతెన దాటించాను," అంది. మొదట మెల్లగానే అంది. "వెనక ఏదో కొట్టుకుంటున్నట్టు అనిపించింది. కొత్త టైర్లు కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నాను. ఎవరు బిగించారు దీన్ని?"

అచ్చం అదే ప్రశ్న. ఆ రోజు ఓనరు అయిదుగురినీ నిలబెట్టి అడిగింది కూడా ఈ మాటే.

బావమరిది వెంటనే నవ్వు మొహం పెట్టాడు. "ఏం లేదు మేడమ్, కొత్త టైర్లు కొంచెం తిరిగాక మేమే ఓసారి వచ్చి..."

"నేను," అన్నాడు ఫిట్టరు. "పసుపు రంగు నాది. నాలుగు నట్లు నేను బిగించలేదు. బిగించకుండానే చుక్క పెట్టాను."

అప్పుడు ఆమె గొంతు లేచింది. ఆ వీధిలో నిలబడ్డ తల్లిదండ్రులందరూ ఇటు తిరిగారు. చిన్నపిల్లలు, అంది. సీటుబెల్టు పెట్టుకోవడం కూడా రానివాళ్ళు, అంది. ఆ వంతెన మీద చక్రం ఊడితే కింద ఏముందో తెలుసా, అంది. చుక్క పెట్టే తీరిక ఉందా, బిగించే తీరిక లేదా, అంది. వాడిన మాటల్లో ఒక్కటి కూడా అన్యాయమైంది లేదు. ఫిట్టరు మోకాళ్ళ మీదే ఉండి అన్నీ విన్నాడు. ఇన్నాళ్ళూ తిట్టడమే కానీ, తిట్టు తిన్నప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

"బిగించండి," అంది ఆమె చివరికి. "ఇరవై నట్లూ మళ్ళీ మొదటి నుంచీ. నేను లెక్కపెడతాను."

ఆమె ఒకటి అనేసరికి కిటికీలోంచి తలలు బయటపెట్టిన పిల్లలు రెండు అన్నారు. వాళ్ళకు అదొక ఆట. ఫిట్టరు పానా లాగి టక్కుమనిపించిన ప్రతిసారీ వ్యాను మొత్తం అంకె అరిచింది. పదమూడు దగ్గర ఎవరో పద్నాలుగు అంటే మిగతావాళ్ళు గొడవపడి సరిచేశారు. ఇరవైకి చప్పట్లు కొట్టారు. ఫిట్టరు చెమట కళ్ళలోకి దిగి మండుతోంది. తుడుచుకోలేదు.

డ్రైవరమ్మ ఆ పసుపు చుక్కలను ఫోనులో ఫోటో తీసుకుంది. "మా మిగతా అయిదు బళ్ళూ మీ దగ్గరికి రావు. ఎందుకు రావో కూడా అందరికీ చెబుతాను," అని ఎక్కి తలుపేసుకుంది. వ్యాను మెల్లగా కదిలి దిగుడులోకి వెళ్ళింది. దాని వెనక చక్రం కనుమరుగయ్యేదాకా ఫిట్టరు అలాగే చూశాడు.

తర్వాత ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాడు. బావమరిది వచ్చి పక్కన నిలబడ్డాడు. వాడికి అది మంచి అవకాశం. దారి పొడుగునా తిన్న తిట్లన్నీ వడ్డీతో తిరిగివ్వొచ్చు. ఫిట్టరు తలవంచుకుని వాటి కోసమే కాచుకున్నాడు.

"రేపే రెండో పానా తెస్తా బావా," అన్నాడు వాడు. "ఆ సోఫా తిరిగిచ్చేస్తా."

"తిట్టరా," అన్నాడు ఫిట్టరు.

"ఏంటి?"

"తిట్టమంటున్నాను. నోరు పడిపోయిందా?"

బావమరిది కూడా ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. మెడలో నరం ఉబ్బింది. "సరే, విను. పొద్దున నేను పానా అడిగాను. విసురు అన్నాను, తప్పే. దానికి నువ్వు పావుగంట అరిచావు. నేను పది నట్లు బిగించేదాకా అరిచావు. నా తప్పులు లెక్కపెట్టడంలో పడి నీ నట్లు లెక్కపెట్టుకోలేదు. నువ్వు అరుస్తున్నంతసేపూ నీకు చేతులున్న సంగతే గుర్తుండదు బావా. అక్కకీ తెలుసు, నాకూ తెలుసు. నీకే తెలీదు."

ఆ మాటకు ఫిట్టరు ఒంటికాలి మీద లేవాల్సింది. లేవలేదు. అరుస్తున్నంతసేపూ. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. విన్నది కాదు, తనే అన్నది. ఏడాదిగా ఎంతమందికి చెప్పాడు! ఆ రోజు పొద్దున్నించీ నాకూ స్టోరు వాడికీ గొడవే, ఆ కారు పని జరుగుతున్నంతసేపూ అరుస్తూనే ఉన్నాను. గొప్పగా చెప్పుకున్నాడు. తన పట్టింపుకు సాక్ష్యంగా చెప్పుకున్నాడు. ఆ రోజు ఆ కారుకు తాను బిగించింది ఏ చక్రమని ఇప్పుడు గుర్తు చేసుకోబోయాడు. స్టోరు వాడి మొహం గుర్తొచ్చింది, వాడి చొక్కా గుర్తొచ్చింది, తానన్న ప్రతి మాటా గుర్తొచ్చింది. చక్రం మాత్రం గుర్తు రాలేదు. అప్పటికి చుక్కలు లేవు మరి, చూసి చెప్పడానికి.

లేచి కారెక్కాడు. పానాను వెనక సీట్లో పెట్టాడు. పెద్ద సిగ్నలు దగ్గర బావమరిది షాపు వైపు వెళ్ళడానికి ఎడమ ఇండికేటరు వేశాడు.

"కుడికి తిప్పు," అన్నాడు ఫిట్టరు.

"కుడికేముంది బావా?"

"కాలు విరిగిన పెద్దాయన ఇల్లు."

బావమరిది తలతిప్పి అతని వైపు చూశాడు. వెనక బండి హారను కొట్టింది.

"అక్కడికెందుకు? ఆ చక్రం నువ్వే బిగించావని నీకేం తెలుసు? ఏమని చెప్తావు ఆయనకి?"

"తెలీదనే చెప్తాను," అన్నాడు ఫిట్టరు. "అప్పుడు ఆయన గుమ్మంలో నిలబడి నేను కాదని అరిచి వచ్చాను. అది అబద్ధమో కాదో నాకు తెలీదని చెప్తాను. తిప్పు."

బావమరిది ఇండికేటరు మార్చి, కారును కుడివైపు తిప్పాడు.